పొలం పేరు పట్టుకుని వెళితే: షెట్లాండ్ దీవుల్లో ఒక రైతు నావిక కుటుంబం ఆనవాళ్లు

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ నుంచి ఒక పెద్దావిడ తన ముత్తాత పుట్టుపూర్వోత్తరాలు వెతికిపెట్టమని నన్ను అడిగారు. ఆయన 1874లో భార్యను, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల నుంచి వలస వెళ్లినవాడు. ఆవిడ చేతిలో ఉన్న ఆధారాలు రెండే. ఒకటి ముత్తాత మరణ నమోదు నకలు. న్యూజిలాండ్ మరణ రిజిస్టర్లలో చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు కూడా రాసేవారు కనుక, అందులో ఆయన తండ్రి పేరు, ‘రైతు, జాలరి’ అన్న వృత్తి, తల్లి పుట్టింటి పేరు ఉన్నాయి. రెండోది ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకుంటున్న మాట: ముత్తాతగారి తండ్రి గ్లూప్ తుఫానులో, పది పడవలు ఒకేసారి పోయిన రాత్రి, సముద్రంలో కలిసిపోయాడని. ఆ తండ్రి ఎవరు, ఆయన దున్నిన నేల ఎక్కడుంది అన్నవి ఆవిడ నా ముందు ఉంచిన ప్రశ్నలు. వంశస్థుల కోరిక మేరకు ఈ కథనంలో ఎవరి పేరూ, ఓడ పేరూ, కమతం పేరూ ఇవ్వడం లేదు, బంధుత్వాలతోనే చెబుతాను.

గ్లూప్ అన్నది షెట్లాండ్‌లోని యెల్ దీవి ఉత్తరపు కొసన ఉన్న ఒక రేవు. 1881 జులై 20న అక్కడి పడవలు నడి సముద్రంలో ఉండగా తుఫాను విరుచుకుపడింది. పది పడవలు, 58 మంది మనుషులు తిరిగి రాలేదు. 34 మంది స్త్రీలు వితంతువులయ్యారు. వలస వెళ్లిన ముత్తాత 1830 ప్రాంతంలో పుట్టినవాడు కాబట్టి, ఆయన తండ్రి 1881 నాటికి బతికి ఉంటే ఎనభైకి దగ్గర పడి ఉండాలి. ఆ వయసు మనిషి తీరానికి ముప్పై నలభై మైళ్ల దూరం తెడ్డు వేసుకుంటూ వెళ్లడం అసాధ్యం. అంటే ఇంటి మాట ఉన్నది ఉన్నట్టుగా నిజం కాదు. అయినా ఇలాంటి మాటను కొట్టిపారేయడం నా పద్ధతి కాదు. ఒక కుటుంబం నాలుగు తరాలు ఒక చావును గుర్తుంచుకుందంటే, ఎక్కడో ఎవరో పోయే ఉంటారు. ఎవరు, ఎప్పుడు అన్నదే తేలాలి.

రికార్డులలోకి వెళ్లేముందు అక్కడి బతుకు తీరు కొంత తెలియాలి, ఎందుకంటే ఏ కాగితంలో మనిషి కనిపిస్తాడో, ఏ కాగితంలో కనిపించడో నిర్ణయించేది అదే. షెట్లాండ్ రైతు చేతిలో ఉండేది క్రాఫ్ట్ అనే చిన్న కౌలు కమతం. నాలుగు మళ్లలో ఓట్స్, ఒక రకం బార్లీ, బంగాళాదుంపలు, ఒకటి రెండు ఆవులు, కొండ మీద ఉమ్మడి మేతలో గొర్రెలు. దానితో ఇల్లు గడవదు. అందుకే మే నుంచి ఆగస్టు దాకా మగవాళ్లు సిక్సరీన్ అనే ఆరు తెడ్ల తెరచాప పడవల్లో నడి సముద్రపు చేపల వేటకు పోయేవారు. చాలా భూములకు కౌలు షరతే అది: ఎవరి నేల దున్నుతున్నావో ఆ భూస్వామికే, లేదా అతని తరఫు వర్తకుడికే చేపలు పోయాలి. లెక్క ఏడాదికొకసారి తేలుతుంది. అప్పటికి ఆ వర్తకుడి కొట్లో తెచ్చుకున్న పిండి, గాలాల తాళ్లు, బట్టల బాకీ పోగా చేతికి నగదు దక్కేది అరుదు. ఈ పద్ధతి మీద 1872లో ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసింది. సాక్షులు చెప్పిన జవాబులు ప్రశ్నలతో సహా అచ్చయి ఉన్నాయి. ఆ కాలపు మామూలు జాలరి గొంతు ఇంత నేరుగా వినిపించే పత్రం నాకు మరొకటి తెలియదు. ఈ బాకీ నుంచి బయటపడే దారులు రెండు: వసంతంలో లెర్విక్ రేవుకు వచ్చి కూలీలను ఎక్కించుకునే గ్రీన్‌లాండ్ తిమింగలాల ఓడలు ఒకటి, వాణిజ్య ఓడల్లో నావికుడిగా చేరడం రెండోది. ఆ రోజుల్లో ఇంటి పట్టున ఉండి, నేల దున్ని, పశువులను మేపి, పీట్ మట్టి కోసి ఎండబెట్టి, వీపు మీద బుట్టలో మోసి తెచ్చి పొయ్యి వెలిగించింది ఆడవాళ్లు.

కాబట్టి షెట్లాండ్ కుటుంబాన్ని వెతికేటప్పుడు నేను మగవాడి ఇంటిపేరును పట్టుకుని వెళ్లను. కమతం పేరును, ఆ కమతంలో ఉన్న స్త్రీని పట్టుకుంటాను. ఈ కేసులో ఆ నియమాన్ని ఒకచోట నేనే మరిచాను. దాని మూల్యం తర్వాత చెబుతాను.

ఇంటిపేరు విషయంలో తెలుగు పాఠకులు ముందే ఒక సంగతి గమనించాలి. మనకు ఇంటిపేరు వంశానికి స్థిరంగా అంటిపెట్టుకుని ఉంటుంది. తాత ఇంటిపేరే మనవడిది. షెట్లాండ్ 15వ శతాబ్దం దాకా నార్వే, డెన్మార్క్ రాజుల ఏలుబడిలో ఉండి, 1469లో స్కాట్లాండ్ రాజుకు కట్నం కింద తాకట్టుగా వచ్చిన ప్రాంతం. పాత నార్స్ ఆచారం ప్రకారం అక్కడ తండ్రి పేరే బిడ్డకు ఇంటిపేరు అవుతుంది. మాగ్నస్ కొడుకు మాన్సన్, కూతురు మాన్స్‌డాటర్. ఆ మాన్సన్ పేరు జేమ్స్ అయితే అతని కొడుకు మాన్సన్ కాడు, జేమ్సన్ అవుతాడు. ఈ ఆచారం 19వ శతాబ్దం మొదటి సగంలో ఒక్కో ఇంట్లో ఒక్కో ఏడు ఆగిపోయి, ఆ క్షణాన ఉన్న పేరు గడ్డకట్టి శాశ్వతమైన ఇంటిపేరయింది. దీనికి తోడు స్కాట్లాండ్‌లో పెళ్లయిన స్త్రీ పేరును పుట్టింటి పేరుతోనే రికార్డులలో రాయడం ఆనవాయితీ. అది పరిశోధకుడికి గొప్ప వరం. అయితే తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనకున్నట్టే వారికీ ఉంది: పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో వాడికి తల్లి తండ్రి పేరు. దానివల్ల ఒకే చర్చి పరిధిలో ఒకే పేరున్న మగవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు.

పని జనాభా లెక్కలతో మొదలుపెట్టాను. పేర్లు, వయసులు, వృత్తులతో ప్రజలకు అందుబాటులో ఉన్న మొదటి లెక్క 1841 జూన్ 6 రాత్రిది. ఉత్తర యెల్‌లోని ఒక కమతంలో తల్లి, ఆమె దగ్గర పదకొండేళ్ల పిల్లవాడు, వాడి అక్క, ఏడాది నిండని తమ్ముడు ఉన్నారు. తండ్రి లేడు. ఆ లెక్కలో బంధుత్వాలు రాయలేదు, వివాహ స్థితీ రాయలేదు. పదిహేనేళ్లు దాటినవారి వయసును ఐదేసి సంవత్సరాలకు కుదించి రాశారు కనుక, తల్లి వయసు 35 అని ఉంటే అది 35 నుంచి 39 మధ్య ఏదైనా కావచ్చు. పరిశోధనకు కొత్తవారు ఇక్కడ తొందరపడి ఆమెను వితంతువు అనేస్తారు. 1832 జులైలో వచ్చిన ఇంకా పెద్ద తుఫానులో షెట్లాండ్ పడవలు 31, మనుషులు 105 మంది పోయారన్న సంగతి తెలిసినవారికైతే ఆ ఊహ మరీ సహజంగా తోస్తుంది. కానీ ఒళ్లో ఏడాది నిండని బిడ్డ ఉన్నప్పుడు 1832 కుదరదు. పైగా జూన్ మొదటి వారం నడి సముద్రపు వేట సాగే కాలం. మగవాళ్లు వారమంతా రేవుల్లో రాతి గుడిసెల్లో ఉండి శనివారం ఇల్లు చేరేవారు. లెక్క రాసిన రాత్రి ఆదివారమే కనుక ఇతను వేటలో కాక ఇంకెక్కడో, బహుశా ఓడ మీద ఉన్నాడని ఒక అనుమానం రాసి పెట్టుకున్నాను. 1851 మార్చి 30 నాటి లెక్క దాన్ని బలపరిచింది. అదే కమతం, అదే తల్లి, పేరు పక్కన ‘నావికుడి భార్య’. 1861 ఏప్రిల్ 7 నాటికి అదే కమతంలో ఆమె కుటుంబ పెద్ద, ‘వితంతువు’. చిన్న కొడుకు ఆమె దగ్గరే ఉన్నాడు. అంటే తండ్రి చావు ఈ రెండు తేదీల మధ్య ఎక్కడో ఉంది.

స్కాట్లాండ్‌లో జనన, వివాహ, మరణాల నిర్బంధ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. మొదటి ఏడాది ఫారం అసాధారణమైనది. అందులో చనిపోయిన వ్యక్తి పుట్టిన చోటు, ఆ ప్రాంతంలో ఎన్నాళ్లుగా ఉన్నాడో, ఎవరిని పెళ్లాడాడో, పిల్లలందరి పేర్లు, వయసులు, పూడ్చిన చోటు అన్నీ అడిగారు. రాసే గుమాస్తాలకు భారమై మరుసటి ఏడాదే వాటిలో చాలా గడులు తీసేశారు. వంశ చరిత్రకారులకు 1855 మరణం దొరకడం గుప్తనిధి దొరకడం లాంటిది. నాకు దొరికింది. ఉత్తర యెల్‌లో, అదే పేరు, అదే ఇంటిపేరు, వయసు 52, వృత్తి రైతు, జాలరి. పిల్లల జాబితాలో మన వలసదారు పేరుంది, 24 ఏళ్లు, అక్క పేరుంది, చిన్నప్పుడే పోయిన ఒక ఆడపిల్ల పేరు, పోయిన వయసుతో సహా ఉంది. 1857 నాటి వలసదారు పెళ్లి నమోదులో తండ్రి పేరు తర్వాత ‘మరణించాడు’ అని ఉంది. అన్నీ కుదిరాయనుకున్నాను. ఇది సహజ మరణం, సముద్రపు చావు కాదని డ్యునెడిన్‌కు మధ్యంతర నివేదిక పంపించేశాను.

ఆ నకలును రెండు వారాల తర్వాత మళ్లీ పరిచి చూసినప్పుడు మొదటిసారి కళ్లు దాటవేసిన మూడు సంగతులు బయటపడ్డాయి. భార్య పేరు సరిపోయింది గానీ ఆమె పుట్టింటి పేరు వేరు. మొదట చూసినప్పుడు అది తండ్రి పేరుతో ఏర్పడిన పాత రూపమై ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఒక స్త్రీ రెండు ఇంటిపేర్లతో కనబడడం షెట్లాండ్‌లో ఉన్నదే కనుక ఆ సర్దుబాటు తేలికగా ఒప్పింది. రెండోది, 1841 నాటి పసివాడు, 1861లో తల్లితో ఉన్న ఆ చిన్న కొడుకు, జాబితాలో ఎక్కడా లేడు. మరణించిన పిల్లలతో సహా అందరినీ రాసిన ఫారంలో బతికున్న కొడుకు లేకపోవడం పొరపాటుగా జరిగేది కాదు. మూడోది మరణించిన చోటు: అది మన కమతం కాదు, రెండు మైళ్ల అవతలి ఊరిలోది. వెంటనే 1861 లెక్కలో ఆ రెండో ఊరు తీసి చూశాను. అక్కడ మరో వితంతువు, తన పిల్లలతో, తన కమతంలో ఉంది. ఒకే పేరున్న ఇద్దరు మగవాళ్లు, వయసులో కొద్ది తేడా. ఇద్దరూ తమ పిల్లలకు అదే వరసలో తాతల పేర్లే పెట్టారు కనుక మూడు పేర్లు కలిశాయి. ఆ నకలులో అన్ని గడులూ నిండి ఉండడమే నన్ను పక్కదారి పట్టించింది. నివేదికను ఉపసంహరించుకుంటున్నానని, కారణంతో సహా, ఆ రోజే ఆవిడకు రాశాను.

అప్పుడు మళ్లీ ‘నావికుడి భార్య’ అన్న ఆ మాట దగ్గరకు వెళ్లాను. 1845 నుంచి 1853 దాకా బ్రిటిష్ వాణిజ్య ఓడల్లో పనిచేసే ప్రతి నావికుడికీ నంబరుతో టికెట్ ఇచ్చేవారు. దాని రిజిస్టరులో పుట్టిన తేదీ, పుట్టిన చోటు, ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, ఒంటి మీద గుర్తులు, మొదట ఏ ఏడు సముద్రం మీదికి వెళ్లాడన్నవి ఉంటాయి. యెల్‌లో పుట్టిన మన పేరువాడి టికెట్ దొరికింది. ఫోటోలు లేని ఆ తరం మనిషి గురించి ‘నీలి కళ్లు, ఎడమ చేతి వేలు మీద గాయపు మచ్చ’ అని చదువుతుంటే, కాగితం మీది పేరు ఒక్కసారి మనిషిగా మారుతుంది. అయినా ఈ టికెట్ ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. ఒకసారి తప్పు చేశాక పుట్టిన చోటు ‘యెల్’ అన్నంత మాత్రాన ఒప్పుకోలేను. ఇద్దరినీ విడదీసే కాగితం మరొకటి కావాలి, అందులో కమతం పేరు ఉండాలి.

అది లెర్విక్‌లోని షెట్లాండ్ మ్యూజియం, ఆర్కైవ్స్‌లో దొరికింది. 1845 నాటి బీదల చట్టం కింద స్కాట్లాండ్‌లో ప్రతి పారిష్‌కూ, అంటే చర్చి పరిధికీ, ఒక బోర్డు ఏర్పడింది. సహాయం కోరినవారి అర్జీలు దాని మినిట్స్ పుస్తకాల్లో ఉంటాయి. అబర్దీన్ నుంచి రాత్రంతా ఓడలో ప్రయాణించి తెల్లవారి అక్కడికి చేరుకుని, రెండు రోజులు ఆ పుస్తకాలు తిరగేశాను. గోధుమరంగు సిరా, పక్కకు వాలిన రాత, చాలాచోట్ల ఒక్కో అర్జీకి రెండు పంక్తులకు మించి లేవు. మన కమతంలోని తల్లి అర్జీకి మాత్రం నాలుగు పంక్తులున్నాయి: ఆమె పేరు, పుట్టింటి పేరుతో; కమతం పేరు; భర్త ఓడతో సహా మునిగిపోయాడని, ఓడ పేరు; పిల్లల్లో చేతికి అందినవాడు ఒకడు ఉన్నాడని. పెద్ద కొడుకు సంపాదించగలడన్న కారణంతో బోర్డు ఆమెకు కొద్దిపాటి పిండి తప్ప మరేమీ ఇవ్వలేదు. ఆ పెద్ద కొడుకే తర్వాత న్యూజిలాండ్ వెళ్లినవాడు. నేను పెన్సిల్ కింద పెట్టి ఆ నాలుగు పంక్తులు మళ్లీ మళ్లీ చదివాను.

ఓడ పేరు తెలిశాక మిగిలిన దారి సుగమమైంది. 1860కి ముందరి సిబ్బంది జాబితాలు లండన్ శివారులోని క్యూలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో నావికుడి పేరు పక్కన టికెట్ నంబరు కూడా రాసేవారు. ఆ ఓడ చివరి ప్రయాణపు జాబితాలో ఉన్న నంబరు, నీలి కళ్ల మనిషి టికెట్ నంబరు ఒకటే. ఇదే కుటుంబం పదేళ్లు ఆలస్యంగా ఈ దుఃఖం పడి ఉంటే వెతుకులాట మరోలా ఉండేది: 1863 తర్వాతి జాబితాల్లో దాదాపు 70 శాతం కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, 5తో ముగిసే సంవత్సరాలవి మాత్రం గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియంలో ఉన్నాయి.

తాత తరం గురించి క్లుప్తంగా చెబుతాను. వలసదారు తండ్రి బాప్తిస్మం నమోదులో ఆయన పేరు తండ్రి పేరుతో ఏర్పడిన ఇంటిపేరుతో ఉంది. ఆయన పెద్ద కూతురి బాప్తిస్మంలో ఆమె పేరు చివర ‘డాటర్’ ఉంది. మూడో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తండ్రి ఇంటిపేరే పిల్లవాడికీ వచ్చేసింది. అంటే ఈ ఇంట్లో ఆ పాత ఆచారం ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల మధ్యలో ఆగిపోయింది. ఇంటిపేరు కలవని తాతను కలిపింది ఎస్టేట్ కౌలు పద్దులే. భూమిని మెర్క్ అనే పాత కొలతలో లెక్కించి, ఏ కమతానికి ఎవరు ఎంత కట్టారో ఏటేటా రాసిన ఆ పుస్తకంలో తాత పేరు కొట్టేసి, అదే వరుసలో కొడుకు పేరు రాశారు. 1855 నుంచి ఏటా వచ్చే ఆస్తి విలువ జాబితాలు ఇక్కడ పెద్దగా ఉపయోగపడలేదు. ఏడాదికి 4 పౌండ్ల లోపు విలువ ఉన్న కౌలుదార్ల పేర్లు విడిగా రాయనక్కరలేదని నియమం ఉండడంతో, చిన్న కమతాల వాళ్లంతా వాటిలో పేరులేని గుంపుగా మిగిలిపోయారు.

ఇక గ్లూప్. తల్లి 1870లలో పోయింది. ఆమె మరణ నమోదులో ‘నావికుడి వితంతువు’ అని ఉంది. సమాచారం ఇచ్చింది చిన్న కొడుకు, అదే కమతం నుంచి. 1841లో ఏడాది నిండని పసివాడు అతనే. అన్న సముద్రాలు దాటి వెళ్లిపోగా కమతాన్ని నిలబెట్టుకున్నవాడు. 1881 ఏప్రిల్ 3 నాటి జనాభా లెక్కలో భార్యతో, పిల్లలతో అదే ఇంట్లో ఉన్నాడు. అప్పటికి తొమ్మిదేళ్ల క్రితమే మొదలైన షెట్లాండ్ టైమ్స్ పత్రిక ఆ జులైలో ప్రచురించిన మృతుల జాబితాలో అతని పేరు ఉంది. పేరు ఒక్కటే సరిపోతే నేను ఈసారి ఒప్పుకునేవాణ్ని కాదు. ఊరు కూడా సరిపోయింది; 1891 లెక్కలో ఆ కమతానికి పెద్దగా అతని భార్య ఉంది, వితంతువుగా.

డ్యునెడిన్ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నా అభిప్రాయం ఇది. 1881 చివరలో ఆ ఇంటికి ఉత్తరం వచ్చి ఉంటుంది. తండ్రిని పాతికేళ్ల కిందటే సముద్రానికి ఇచ్చినవాడు ఇప్పుడు తమ్ముడూ పోయాడన్న వార్త పిల్లల ముందు చదివి ఉంటాడు, అప్పుడు తన తండ్రి గురించీ చెప్పి ఉంటాడు. వినే పిల్లలు ఆ తండ్రిని గానీ, ఆ తండ్రి ఎక్కిన ఓడను గానీ ఎరగరు. పేరుమోసిన తుఫాను మాత్రం మనసులో నిలిచిపోయింది. రెండు చావులు మనవల నోట ఒకటయ్యాయి. ఇది నా ఊహేనని, ఆ ఉత్తరం దొరకలేదని నివేదికలో స్పష్టంగా రాశాను. మిగిలినవన్నీ కాగితాలతో రుజువైనవి.

చిన్న కోడలి సంగతి ప్రశ్నలో లేదు గానీ వదలలేకపోయాను. 1886లో క్రాఫ్టర్ల చట్టం వచ్చి, కౌలుదారును ఇష్టం వచ్చినప్పుడు వెళ్లగొట్టే అధికారం భూస్వామికి లేకుండా చేసింది. న్యాయమైన కౌలు నిర్ణయించే కమిషన్ తర్వాతి సంవత్సరాల్లో షెట్లాండ్ కూడా వచ్చింది. ఆ కమిషన్ పట్టికలో కమతం పేరుకు ఎదురుగా కౌలుదారుగా ఉన్నది ఆమె పేరే, పుట్టింటి పేరుతో. పాత కౌలు తగ్గించారు, బకాయిలో ఎక్కువ భాగం కొట్టేశారు. ఆ నేల మీద ఈ కుటుంబానికి చట్టబద్ధమైన హక్కు దక్కినట్టు చూపే మొదటి కాగితం అది. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిన కౌలుదారులుగానే ఉండిపోయారు.

తుది నివేదికతో పాటు కమతం ఉన్న చోటును పటం మీద గుర్తించి పంపాను. డ్యునెడిన్ పెద్దావిడ తన కుటుంబ వృక్షంలో ‘గ్లూప్’ అన్న మాటను ముత్తాత తండ్రి పేరు కింద నుంచి తీసి, అంతవరకూ అక్కడ లేనే లేని ఒక తమ్ముడి పేరు రాసి, దాని కింద పెట్టారు. తండ్రి పేరు కింద ఓడ పేరు రాశారు. నన్ను తప్పుదారి పట్టించిన 1855 మరణ నమోదు నకలును నేను పారేయలేదు. దాని మీద రెండో ఊరి కమతం పేరు, ఆ రెండో వితంతువు పేరు రాసి విడిగా ఒక ఫైలులో ఉంచాను. వాళ్ల వారసులు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే వాళ్లకు ఇవ్వాలి.